విమానానికి ఎదురొచ్చిన బిందె

అనసూర్య ఎదురొస్తే పని అయినట్టేనని కొత్తపల్లిలో పేరు. కరీంనగర్ అంచున, పద్మశాలీల వీధి అది. పొద్దున మొదలైన సాంచాల చప్పుడు కరెంటు పోతే తప్ప ఆగదు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ వీధిలో ఎవరి కొడుకు పరీక్షకు పోవాలన్నా, ఎవరి కోడలు కాన్పుకు పోవాలన్నా ముందుగా అనసూర్య తలుపు తడతారు. నాకేం పని లేదా అని ఆమె విసుక్కుంటుంది. విసుక్కుంటూనే స్టీలు బిందె తోమి, నల్లా కింద పెట్టి, అంచుదాకా నింపి చంకనెత్తుకుంటుంది. వీధి మలుపుదాకా వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి, బయలుదేరిన మనిషికి ఎదురుగా నడిచి వస్తుంది. నిండు బిందెతో ముత్తైదువ ఎదురొస్తే శుభమంటారు. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే ఒక మనిషి బరువు మోసుకుంటూ తమకోసం ఎదురు రావడమంటే ఏమిటో వాళ్లకు తెలిసి ఉండదు.

అనసూర్యకు ఇంకో పట్టింపు కూడా ఉంది. బయలుదేరిన మనిషిని ఎటు పోతున్నావని అడగదు. అడిగితే పని చెడుతుందట. పక్కనే ఉన్న దుకాణానికి పోయేవాణ్ణి కూడా "పోయి రా" అంటుందే తప్ప ఎటని అడగదు.

ఆమెకు ఒక్కతే కూతురు, నవీన. పదో తరగతి పరీక్షకూ, ఇంటరుకూ, ఆ తర్వాత పైలట్ చదువు ప్రవేశ పరీక్షకూ నవీన తల్లి బిందెను దాటుకునే పోయింది. సర్కారు ఫీజు కట్టే సీటు దొరికింది. దొరికిన రోజు తండ్రి బాలమల్లు సాంచాల కార్ఖానాలో అందరికీ చాయ్ తాగించాడు. బిడ్డ విమానం నడుపుతుందన్న మాట ఆ పూటే వీధంతా పాకింది. వీధికి ఒక మాట చిక్కిందంటే ఇక అంతే, అది నిజమయ్యేదాకా మనల్ని తిననివ్వరు, పడుకోనివ్వరు.

లైసెన్సు వచ్చింది. కొలువు రాలేదు. పెద్ద ఎయిర్‌లైన్లు తమ విమానాల మీద మళ్లీ శిక్షణ తీసుకుని రమ్మన్నాయి. ఆ శిక్షణ ఖర్చు సాంచాలు నడిపే ఇంటికి అందేది కాదు. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పైలట్ చదువు చదివే పిల్లలకు మబ్బుల గురించి, గాలుల గురించి పాఠాలు చెప్పడానికి కుదిరింది నవీన. ఆమె పాఠం విన్న పిల్లలు ఒక్కొక్కరే ఎగిరిపోయారు. ఆమె మాత్రం బోర్డు దగ్గరే మిగిలింది. ఇంటికి పోతే వీధి మొదట్లోనే ఎవరో ఒకరు, విమానం ఎప్పుడు నడుపుతవు బిడ్డా అని అడిగేవారు. అడిగేవాళ్ల మనసులో చెడు లేదు, అదే ఇబ్బంది. చెడు ఉంటే కసురుకోవచ్చు. ఆమె ఇంటికి రావడం తగ్గించింది. ముప్పై దాటాక అద్దంలో చూసుకుని, ఇక లైసెన్సు బీరువాలో చీరల కింద పడి ఉండేదేనని నిశ్చయించుకుంది.

అలాంటి రోజుల్లో ఒక సిమెంటు కంపెనీ నుంచి పిలుపొచ్చింది. మా ఫ్లైట్ డిపార్ట్‌మెంట్‌లో కో-పైలట్ సీటు ఖాళీ అవుతోంది, శిక్షణ మేమే ఇప్పిస్తాం, వచ్చి కలవండి అన్నారు. ఫ్లైట్ డిపార్ట్‌మెంట్ అంటే పేరు ఘనంగానే ఉంది. తీరా బేగంపేటలో హ్యాంగరుకు పోయి చూస్తే ఉన్నది రెండు ఫ్యాన్ల చిన్న విమానం ఒకటి, ఇద్దరు పైలట్లు, ఒక ఇంజనీరు. ఆ ఇద్దరిలో ఒకరు పెద్ద ఎయిర్‌లైన్‌కు వెళ్లిపోతున్నారు. మిగిలేది కెప్టెన్ ఓంప్రకాశ్. ఆదిలాబాద్ మనిషి, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడతాడు. నెరిసిన మీసం, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా.

ఆయన ఆమెను విమానం గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. రోజంతా ఒకచోట కూర్చోమంటే కూర్చోగలవా అన్నాడు. కంపెనీ యజమాని పెద్దసారు బ్యాగు మోయడానికి సిగ్గుపడతావా అన్నాడు. ప్రయాణికులు తిన్న ప్లేట్లు తీసి, సీట్లు తుడిచి, మళ్లీ కాక్‌పిట్‌లోకి వచ్చి కూర్చోవాలన్నాడు. అన్నిటికీ ఆమె సరేనంది. అప్పుడు అసలు మాట చెప్పాడు.

"సారు ఎటు పోతుండో విమానానికి ఎరికుంటది, మనకు ఎరికుంటది. ఇంకో మనిషికి ఎరికుండొద్దు. గీ డిపార్ట్‌మెంట్ల రూల్ గదొక్కటే."

ఎల్లుండి ఫ్యాక్టరీకి ట్రిప్పు ఉందనీ, వెనక సీట్లో కూర్చుని రమ్మనీ, అదే ఇంటర్వ్యూ అనుకోమనీ చెప్పి పంపేశాడు.

ఆ సాయంత్రం నవీన ఇంటికి ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ ఉందని మాత్రమే చెప్పాలనుకుంది. అనసూర్య సంతోషించాల్సింది పోయి గాబరా పడింది. బిడ్డ హైదరాబాద్‌లో బయలుదేరుతుంటే తను కొత్తపల్లిలో ఉండి ఎదురెలా రావాలి? ఇన్నేళ్లలో ఏ మంచి పనికీ తన బిందె తప్పలేదు. పొద్దున బస్సు పట్టుకుని హైదరాబాద్ వస్తానంది. అక్కడ హ్యాంగరు గేటు దాటనివ్వరని నవీన చెబితే, గేటు బయటే నిలబడతానంది. తల్లి ఒంటరిగా, నీళ్ల బిందెతో, బేగంపేట సెక్యూరిటీ వాళ్ల ముందు నిలబడ్డట్టు ఊహించుకుంటే నవీనకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. ఓదార్చబోయింది. విమానం మన కరీంనగర్ మీదినుంచే పోతుంది, నువ్వు ఇంటి ముందే నిలబడు, అదే ఎదురు అని చెప్పింది.

"గట్లైతే ఏ దిక్కుకెంచి అత్తదో చెప్పు బిడ్డా," అంది అనసూర్య. "దిక్కు తెల్వకుంటె ఎదురెట్లయితది? ఎనుకకెంచి అచ్చినట్టయితది."

నిజమే, ఎదురంటే ఎదురే. నవీన దిక్కు చెప్పింది. దిక్కు చెబితే తల్లికి అర్థం కాలేదు, ఎప్పుడు పైకి చూడాలో తెలియలేదు. అందుకని ఎన్నింటికి బయలుదేరుతుందో చెప్పింది, మంచిర్యాల అవతల ఫలానా సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర దిగుతుందని చెప్పింది, పెద్దసారు కూడా ఉంటాడని చెప్పింది. ఎటు పోతున్నావని జన్మలో అడగని మనిషికి, అడగకుండానే అన్నీ చెప్పేసింది. ఫోన్ స్పీకరులో ఉంది. పక్కన బాలమల్లు అన్నం తింటున్నాడు.

సాంచాల కార్ఖానాలో రహస్యం అనేది ఉండదు. ఆ చప్పుడులో గుసగుసలు కుదరవు, పెళ్లాంతో పోట్లాడిన సంగతి కూడా కేకేసి చెప్పుకోవాల్సిందే. మరునాడు బాలమల్లు తన బిడ్డ ఏ విమానంలో, ఏ కంపెనీ సారుతో, ఏ ఫ్యాక్టరీకి పోతుందో కేకేసి చెప్పాడు. పక్క సాంచా మీద భూమన్న ఉన్నాడు. భూమన్న అల్లుడు అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. నాలుగైదు నెలల కింద ఇంకొంతమందితో పాటు అతణ్ణీ పనిలోంచి తీసేశారు. పెద్దసారును ఒక్కసారి కలిసి మొరపెట్టుకుందామంటే ఆయన ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో ఎవరికీ తెలియనివ్వరు. భూమన్న అల్లుడికి ఫోన్ చేశాడు. మామ అన్నాక చేయడా?

ప్రయాణం రోజు నవీన విమానం అద్దాలు తుడిచింది, ఐసు పెట్టె ఎక్కించింది, పెద్దసారు బ్యాగు మోసింది. చివరి సీట్లో, టాయిలెట్ పక్కన కూర్చుంది. కరీంనగర్ దగ్గరికొచ్చేసరికి కిటికీకి ముఖం ఆనించింది. మానేరు డ్యాం నీళ్లు తళతళలాడుతూ కనిపించాయి. దానికి అవతల బూడిదరంగు మరకలా ఊరు. అంత ఎత్తు నుంచి మనుషులు కనపడరన్న సంగతి ఆమె పిల్లలకు పాఠంగా చెప్పినదే. అయినా వెతికింది.

రన్‌వే కంపెనీదే. దిగి, మెట్లు దించేసరికి గేటు అవతల జనం కూర్చుని ఉన్నారు. మగవాళ్లు, ఆడవాళ్లు, ఒకామె ఒళ్లో చంటిబిడ్డ. నినాదాలు లేవు, రాళ్లు లేవు. ఊరికే కూర్చున్నారు, సారుతో మాట్లాడాలని. పెద్దసారు వాళ్లను చూసి మెట్ల మీదే ఆగాడు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. తను వస్తున్నట్టు వీళ్లకెవరు చెప్పారని మేనేజరును అడిగాడు. మేనేజరు చెమటలు కక్కాడు.

నవీన పక్కకు పోయి ఇంటికి ఫోన్ చేసింది. తల్లి గొంతు వెలిగిపోతోంది. విమానం సరిగ్గా తన నెత్తి మీదినుంచే పోయిందట, బిందెతో మలుపుదాకా నడిచి ఎదురొచ్చిందట, చుక్క కూడా కింద పడలేదట. తర్వాత బాలమల్లు ఫోన్ తీసుకున్నాడు. భూమన్న అల్లుడు వాళ్లు కూడా సారును కలుస్తామని బయలుదేరారు, వచ్చారా అని అడిగాడు. ఎవరికో మేలు చేసిన మనిషి గొంతు అది. గేటు ముందు కూర్చున్నవాళ్లకు కబురెలా అందిందో నవీనకు అప్పుడు తెలిసింది. వచ్చారు బాపు అని ఫోన్ పెట్టేసింది.

అంతలో గెస్ట్ హౌస్ వైపు నుంచి మేనేజరు అరుపులు వినిపించాయి. వంటమనిషి కొండల్‌ను నిలదీస్తున్నాడు. పెద్దసారుకు వంట చేయాలని అతనికొక్కడికే ముందురోజు చెప్పారట, కాబట్టి బయటికి చెప్పింది అతనే. నేను చెప్పలే సర్, నా పిల్లల మీద ఒట్టు అంటున్నాడు కొండల్. అప్రాన్ విప్పి పెట్టి పొమ్మంటున్నాడు మేనేజరు.

మాట్లాడకుండా ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ ఆమెను అనుమానించడం లేదు. ఆమె ఆ రోజు ఒక బ్యాగు మోసే మనిషి, అంతే. ఊరుకుంటే కొలువు వస్తుంది, వీధిలో తలెత్తుకుని నడవొచ్చు, బోర్డు ముందు నిలబడే బాధ తప్పుతుంది. ఇన్నేళ్లకు చేతికందినది. కొండల్ అప్రాన్ ముడి విప్పుకుంటున్నాడు. నవీన రెక్క నీడలో కూర్చున్న ఓంప్రకాశ్ దగ్గరికి పోయింది.

"సర్, చెప్పింది కొండల్ కాదు. నేను చెప్పిన."

"ఎవలకు?"

"మా అవ్వకు."

తల్లికెందుకు చెప్పావని అడిగాడాయన. బిందె సంగతి, ఎదురు సంగతి, దిక్కు తెలియాలన్న సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే పిచ్చిగా వినిపించింది. లైసెన్సున్న పైలట్, వాతావరణ శాస్త్రం చెప్పే టీచర్, నీళ్ల బిందె కోసం కంపెనీ రహస్యం బయటపెట్టింది. ఆయన నవ్వలేదు. రన్‌వే చివర గాలి దిక్కు చూపుతూ కొట్టుకుంటున్న గుడ్డసంచి వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి గెస్ట్ హౌస్ వైపు పోయాడు. మేనేజరుతో ఏం చెప్పాడో, పెద్దసారుతో ఏం చెప్పాడో ఆమెకు వినపడలేదు. కొండల్ మాత్రం అప్రాన్ మళ్లీ కట్టుకుని వంటింట్లోకి పోయాడు. మధ్యాహ్నం పెద్దసారు గేటు దగ్గరికి నడిచి వెళ్లి, జనం ఇచ్చిన దరఖాస్తు తీసుకుని, చూస్తానన్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందు ఓంప్రకాశ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"చేసిన తప్పు చెప్పనోని పక్కన నేను విమానం నడపలేను. నువ్వు చెప్పినవ్. కొలువు నీదే. కాని గీ దినం నుంచి మీ అవ్వకు కూడ తెల్వద్దు. నా ఇంటామెకు నేనెక్కడున్ననో ఏండ్లసంది తెల్వది. మొదట్ల అడుగుతుండె. ఇప్పుడు అడుగుతలేదు."

చివరి మాట చెబుతూ ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందేమో అనుకుంది నవీన. అలా అనుకోవడమే ఆమెకు తేలికగా ఉంది.

కొలువు వచ్చిందని చెప్పడానికి ఇంటికి పోయినప్పుడు వీధి వీధంతా గుమ్మం ముందుంది. భూమన్న ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. అల్లుణ్ణి మళ్లీ పనిలోకి తీసుకున్నారట, అంతా నీ పుణ్యమేనన్నాడు. సారు మళ్లీ ఎప్పుడొచ్చేదీ నువ్వు ఒక్కమాట చెబితే మిగతావాళ్లు కూడా కలుస్తారన్నాడు. బాలమల్లు పక్కనే నిలబడి మురిసిపోతున్నాడు. ఆ ముఖం చూశాక నవీనకు ఒక సంగతి తేలిపోయింది. ఈ ఇంట్లో తల్లికి తెలిస్తే తండ్రికి తెలుస్తుంది, తండ్రికి తెలిస్తే సాంచాలన్నిటికీ తెలుస్తుంది. ఇంత మంచివాళ్ల దగ్గర ఏదీ దాచి ఉంచడం కుదరదు, అబద్ధం చెప్పడం ఒక్కటే కుదురుతుంది.

"ఆ విమానం ఇగ మన దిక్కు రాదు," అంది అందరూ వినేలా. "బొంబాయి, అహ్మదాబాద్ దిక్కే తిరుగుతది. గా దినం ఒక్కసారే అచ్చింది."

భూమన్న ముఖం వాడింది.  అనసూర్య లోపలికి పోయి అన్నం వడ్డించింది. తింటుంటే మాత్రం, మరి నేను ఎదురెట్ల రావాలె అని మెల్లగా అడిగింది. ఇంటినుంచి పోయేటప్పుడు వస్తావు కదా, చాలంది నవీన. సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది.

శిక్షణ అయింది. భుజాల మీద చారలొచ్చాయి. కొలువు అంటే ఆకాశంలో ఉండటమనుకుంది, తీరా చూస్తే కొలువంతా నేల మీద కనిపెట్టుకుని ఉండటమే. పెద్దసారు మీటింగు అయ్యేదాకా ఏదో ఒక ఊరి విమానాశ్రయంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ప్రయాణికులు తినగా మిగిలిన ఇడ్లీ వెనక సీట్లో కూర్చుని తినాలి. ఎప్పుడు బయలుదేరతారో తెలియదు కాబట్టి ఎవరి పెళ్లికీ వస్తానని మాటివ్వలేదు. ఇవ్వకపోయేసరికి పిలవడం మానేశారు. ఓంప్రకాశ్ మంచివాడే, కానీ చెక్‌లిస్టు చదవడానికి తప్ప నోరు తెరవడు. హైదరాబాద్ గదిలో ఆమె వస్తువులు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉండేవి, కదిలించేవాళ్లు లేక.

వారానికో పదిరోజులకో విమానం ఫ్యాక్టరీకి వెళ్లేది. కరీంనగర్ మీదినుంచే. పెద్దసారు ఆగిపోతే రాత్రి ఆ గెస్ట్ హౌస్‌లోనే. ఇంటికి కారులో రెండు గంటల దారి. తల్లి ఫోన్ చేసి తిన్నవా బిడ్డా అంటే, తిన్న అవ్వా, ఇక్కడ బొంబాయిలో వాన పడుతుందని చెప్పేది. కిటికీ బయట మంచిర్యాల ఎండకు కమిలిన మట్టి ఉండేది. కొండల్ ఆమెకు వేడివేడిగా జొన్నరొట్టె పెట్టి, మీదెక్కడ మేడం అని ఒకసారి అడిగాడు. హైదరాబాద్ అని చెప్పింది. తన కొలువు ఆ రోజు ఎవరివల్ల నిలబడిందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆ రొట్టె తింటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందేమోనని అతను పెరుగు తెచ్చాడు.

మొన్న వానాకాలం మొదట్లో ఆమెకు సెలవు దొరికింది. ఇంటికి పోయింది. పక్కింటి రోజారాణి గోడమీదినుంచి పలకరించి, మీ అవ్వకు పిచ్చి లేచిందే అని నవ్వింది. ఆ చిన్న విమానం మోగిందంటే చాలు, పొయ్యి మీద కూర మాడినా సరే, బిందె ఎత్తుకుని బయటికి ఉరుకుతుందట. సాంచాల చప్పుడులో విమానం వినపడదని ఈ మధ్య పనంతా వాకిట్లోనే పెట్టుకుంటోందట. మలుపుదాకా పోయి, ఆకాశం వైపు చూస్తూ నడిచొస్తుందట.

నవీన తల్లి దగ్గరికి పోయింది. అనసూర్య వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అవ్వా, నా విమానం ఇటు రాదని చెప్పిన గద."

"ఎరికే బిడ్డా. నీది రాదు. కాని దాంట్ల కూడ ఎవలో ఒకల బిడ్డ ఉంటది గద. ఆ పిల్ల అవ్వ ఏ ఊర్లె ఉన్నదో, ఏమో. నేను ఎదురుపోతె నాదేం పోయింది, బిందెడు నీళ్లు." తుంచిన కాయను గిన్నెలో వేసింది. "నువ్వు బొంబాయిల బయలెల్లినప్పుడు, ఆడ ఎవరన్న నీకు ఎదురత్తరేమో అని."

చెప్పేయాలని నవీన నోటిదాకా వచ్చింది. కార్ఖానాలోంచి బాలమల్లు మాట వినిపించింది, చప్పుడు మించి ఎవరితోనో ఏదో చెబుతున్నాడు. భూమన్న సాంచా కూడా నడుస్తోంది. నవీన చిక్కుడుకాయలు ముందుకు లాక్కుని తనూ తుంచడం మొదలుపెట్టింది. సాయంత్రం బయలుదేరితే అనసూర్య బిందెతో ఎదురొచ్చింది, పోయి రా అంది, ఎటని అడగలేదు.

ఆ మరుసటి వారం ఫ్యాక్టరీకి ట్రిప్పు పడింది. ఓంప్రకాశ్ నడుపుతున్నాడు, రేడియో నవీన చేతిలో ఉంది. మబ్బులు విడిపోయి కింద మానేరు నీళ్లు కనిపించాయి, దాని అవతల బూడిదరంగు ఊరు. మనిషి కనపడదు. ఈపాటికి ఒకామె వాకిట్లో పని వదిలి లేచి, నిండు బిందె చంకనెత్తుకుని, ఎవరో తెలియని పిల్లకోసం వీధి మలుపునుంచి నడిచి వస్తూ ఉంటుంది. నవీన అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

రేడియోలో హైదరాబాద్ కంట్రోల్ పిలిచింది. ఎన్నడూ ముఖం చూడని ఎవరో మనిషి, ఎక్కడున్నారో చెప్పమని అడిగాడు.

కరీంనగర్ మీద ఉన్నానని నవీన చెప్పింది.